ఇరవై గ్రాముల లక్ష్మి

మా బావగారి ఇంట్లో పాడైనదేదీ చెత్తబుట్టలోకి పోదు. ఎవరికో ఒకరికి ప్రేమగా పోతుంది.

కాన్‌బెర్రా శివార్లలో, హారిసన్‌లో వాళ్లింట్లో దిగిన మూడో రోజే ఈ సంగతి నాకు తెలిసింది. జూన్ నెల, ఇక్కడ చలికాలం. పెరట్లో గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టి ఉంది. వంటగదిలో మా శ్యామక్క ఒక మిఠాయి డబ్బా మూత తీసి, మైసూర్‌పాక్ ముక్క ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి మళ్లీ మూత పెట్టేసింది.

“ఏమైందక్కా?”

“నూనె కంపు కొడుతోందే. ఉగాదికి ఎవరో తెచ్చారు.”

“పారేయ్ మరి.”

“పారేయడం ఎందుకు? సాయంత్రం విఠల్ వాళ్లొస్తున్నారుగా. పిల్లలు తింటార్లే.”

నవ్వుతూ అంది. నేనూ నవ్వాను. సాయంత్రం బావగారి స్నేహితుడు విఠల్ పిల్లలిద్దరూ “థాంక్యూ ఆంటీ” అని ఆ డబ్బా అందుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.

నేను ఫార్మసిస్టుని. హాస్పిటల్‌లో కొత్తగా ఉద్యోగం దొరికింది. మందులు తూచి కలిపే గది నాది. ఇల్లు కుదిరేదాకా అక్క దగ్గర మకాం. నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది, ఒక రకంగా నన్ను పెంచింది. బావగారు డాక్టర్ ద్వారకానాథ్, మత్తు డాక్టరు. ముప్ఫై ఏళ్లుగా కాన్‌బెర్రాలో ఉన్నారు. తెలుగువాళ్ల ఏ ఫంక్షన్‌కైనా మొదటి వరసలో ఆయనకో కుర్చీ ఉంటుంది. శనివారం వస్తే మాత్రం రైఫిల్ క్లబ్‌లో ఉంటారు. లైసెన్సు, బీరువా, తాళాలు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. తూటాలు కొనడం మాత్రం ఆయనకి గిట్టదు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకుని, కడిగి, మళ్లీ మందు తూచి పోసి, కొత్త గుండు బిగించుకుంటారు. ఇక్కడ చాలామంది అలాగే చేస్తారట. జాగ్రత్తగా చేస్తే తప్పేమీ లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నన్ను గరాజ్‌లోకి పిలిచారు.

“రా మరదలా, నీ సబ్జెక్టే. చూడు.”

బెంచీ మీద అరచేయంత డిజిటల్ కాటా. మూత తీస్తే నీలం వెలుగు.

“ముప్పైతొమ్మిది డాలర్లు. ఫ్రీ డెలివరీ. క్లబ్‌లో ఆ తెల్లోళ్లు ఎనిమిది వందలు, వెయ్యి పోసి కొంటారమ్మా. అదీ అంతే తూస్తుంది, ఇదీ అంతే తూస్తుంది. బ్రాండ్ పిచ్చి కాకపోతే!”

పక్కనే జంతికల ప్లేటు. జంతిక విరిచిన వేళ్లతోనే కాటా మీది చిన్న గిన్నె తీశారు. బల్ల మీద ఒలికిన నల్లటి మందు పలుకుల్ని చూపుడువేలు నాలిక మీద తడి చేసుకుని అద్ది, గిన్నెలో విదిల్చారు. నా గదిలో ఎవరైనా ఆ పని చేస్తే ఆ పూటే ఇంటికి పంపుతారు.

కాటా మీద అంకెలు కుదురుగా లేవు. హీటర్ గాలి తగిలినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతున్నాయి.

“గాలికి ఊగుతోంది బావగారూ. పైగా దీన్ని సరిచూసుకునే తూకంరాయేదీ? డబ్బాలో ఇస్తారుగా?”

“ఇచ్చాడు. మీ అక్క వాక్యూమ్ క్లీనర్ మింగేసింది. అయినా మనకి లక్ష్మీదేవే ఉంటే రాయెందుకు?” లోపలికి తిరిగి కేక వేశారు. “శ్యామా! కాయిన్ తే!”

అక్క చెంగుకి చేతులు తుడుచుకుంటూ దేవుడి గదిలోంచి వెండి నాణెం తెచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. అది మా అమ్మది. ఒకవైపు లక్ష్మి, రెండోవైపు ‘20 గ్రా’ అని అంకె. నా చిన్నప్పుడు అమ్మ దానికి కొక్కెం అతికించి నా మెడలో వేసింది. ఆరేళ్లప్పుడు కొక్కెం విరిగింది గానీ, మాటు వేసిన వెండి ముద్ద అంచున బఠానీ గింజలా మిగిలిపోయింది. తర్వాత అక్క పెళ్లికి అక్కతో వెళ్లిపోయింది. ముప్పైనాలుగేళ్ల పసుపు, కుంకుమ, గంధం, నెయ్యి లక్ష్మి మొహం మీద పెచ్చు కట్టి ఉన్నాయి. అక్క దాన్ని ఎప్పుడూ కడగదు. అమ్మవారికి పెట్టిన బొట్టు చెరపకూడదట.

బావగారు ఆ నాణేన్ని కాటా మీద పెట్టి, ఒక బటన్ అదిమి, ‘ఇది ఇరవై’ అని యంత్రానికి నేర్పించారు.

“బావగారూ, ఇది ఇరవై ఉండదు.”

“దానిమీదే రాసుంది కదమ్మా, కళ్లు కనిపించట్లేదా?”

“ఆ మాటు చూడండి. ఆ కుంకుమ చూడండి. ఇది ఇరవై కంటే బరువుంటే మీ కాటా ఇకనుంచి ప్రతిదాన్నీ తక్కువ చేసి చెబుతుంది. మీరు సరిపోయింది అనుకునేటప్పటికి తూటాలో మందు ఎక్కువ పడిపోయి ఉంటుంది.”

“అబ్బో! మా ఇంటికి ఫార్మసీ కాలేజీ వచ్చిందే!”

“పందెం కాయండి.”

“కాశా! నేనోడితే ఓడిపోయానని రాసి సంతకం పెడతా. నువ్వోడితే నెలరోజులు గరాజ్ ఊడ్వాలి.”

బుధవారం లంచ్ టైములో, మా బాస్‌ని అడిగి, ఆ నాణేన్ని నా గదిలోని కాటా మీద పెట్టాను. గాజు తలుపులు మూశాను. అంకె నిలబడేదాకా ఊపిరి బిగపట్టి చూశాను. ఇరవై ఒకటి పాయింట్ నాలుగు రెండు. తేదీ, టైముతో సహా చీటీ ముద్రించి ఇచ్చింది. జూన్ పద్ధెనిమిది.

బావగారు చీటీ చూసి గరాజ్ దద్దరిల్లేలా నవ్వారు. నవ్వి, జేబులో పెన్ను తీసి, ప్రిస్క్రిప్షన్ మీద రాసినట్టు చీటీ వెనక గిలికారు. ‘ఓడిపోయాను. కాయిన్ ఇరవై కాదు. – ద్వారకానాథ్.’ కింద తేదీ. నాకు చూపించి, మడిచి తన చొక్కా జేబులోనే పెట్టుకున్నారు. అప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో సరైన తూకంరాయి ఆర్డరిచ్చారు. ఆ చలిలో అక్కనీ నన్నూ ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లారు.

“ఈ ఇంట్లో బుర్రున్నది మా మరదలొక్కతే,” అన్నారు పిస్తా స్కూపు నాకందిస్తూ.

నేను పొంగిపోయాను. ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఐస్‌క్రీమ్ తింటూ కూర్చున్నాను.

*

జూలై మూడో వారంలో బావగారి షష్టిపూర్తి. గంగాలిన్ దగ్గర హాలు తీసుకున్నారు. రెండొందల మంది. వచ్చిన ప్రతివాళ్లకీ వెళ్లేటప్పుడు రిటర్న్ గిఫ్ట్ సంచి. మీద ఆయనదీ అక్కదీ ఫోటో, కింద ‘థాంక్యూ ఫర్ కమింగ్’. లోపల పెట్టినవాటిలో సగం నాకు తెలుసు. అవన్నీ వేరే పెళ్లిళ్లలో, వేరే గృహప్రవేశాల్లో అక్కకి వచ్చినవే.

విఠల్‌కి మాత్రం బావగారు స్వయంగా ఒక సంచి తెచ్చి చేతిలో పెట్టారు. విఠల్ది నిజామాబాద్. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పని, స్కిల్డ్ వీసా. పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేసి ఏడాదిగా ఎదురు చూస్తున్నాడు. బావగారే అతన్ని క్లబ్‌లో చేర్పించి, లైసెన్సు తీయించి, తన పాత రైఫిల్ అతనికి అమ్మేశారు. బావగారు ఏం చెప్పినా అతనికి వేదమే.

“గిదేంది డాక్టర్‌సాబ్, నాకొక్కనికే స్పెషలా?”

“నా చేత్తో నింపినవయ్యా. యాభై. ఆ రైఫిల్‌కి సరిగ్గా సరిపోతాయి.”

విఠల్ భార్య భానుశ్రీ సంచిలోకి తొంగి చూసి నవ్వింది. “మైసూర్‌పాక్ డబ్బాల తూటాలా అంకుల్? గీ డబ్బా నేనే కడిగి వాపస్ ఇచ్చిన కదా!”

“మన ఇళ్లల్లో డబ్బాలకి చావుంటుందామ్మా?” బావగారు గొంతు తగ్గించారు. “క్లబ్‌లో మాత్రం నేనిచ్చానని అనకు విఠల్. ఎవడు నింపుకున్నవి వాడే కాల్చాలని రూలొకటి ఏడ్చింది.”

“నేనెందుకంట సార్!” అని విఠల్ ఒంగి ఆయన కాళ్లకి దండం పెట్టాడు.

నేను పక్కనే ఉన్నాను. చేతిలో ప్లేటు, ప్లేటులో పులిహోర.

*

ఆగస్టు మొదటి శనివారం నేనూ క్లబ్‌కి వెళ్లాను. ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని. ఊరి బయట పసుపు గడ్డి కొండలు, రేకుల షెడ్డు, సిమెంటు గట్టు మీద వరసగా బల్లలు. ఫ్లాస్కులో టీ పోసుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. విఠల్ మూడో బల్ల దగ్గర ఉన్నాడు. పక్క బల్ల బావగారిది. ఆయన తన సొంత తూటాలు కాలుస్తున్నారు. అవి కొత్త ప్లాస్టిక్ పెట్టెలో ఉన్నాయి. విఠల్ పక్కన మైసూర్‌పాక్ డబ్బా.

“పందొమ్మిది,” అన్నాడు విఠల్ నా వైపు తిరిగి. “బాగ తంతున్నయ్ అక్కా ఇవి. భుజం వాసింది.”

తర్వాతి చప్పుడు వేరుగా వచ్చింది. పొడిగా, వెనక్కి తిరిగి పేలినట్టుగా. రైఫిల్ బల్ల మీద పడింది. విఠల్ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం. కాలిన మందు కంపు, దానితో కలిసి కాలిన చర్మం కంపు. కళ్లద్దాల ముక్క ఒకటి నా టీ ఫ్లాస్కు దాకా దొర్లుకుంటూ వచ్చింది. ఆ అద్దాలే కన్ను మొత్తం పోకుండా ఆపాయని తర్వాత డాక్టర్లు చెప్పారు.

బావగారు పరుగెత్తారు. నిజం చెప్పాలి, ఆ పది నిమిషాలూ గొప్పగా చేశారు. తల పట్టుకున్నారు, గుడ్డ అదిమారు, “విఠల్, నా మాట విను, ఊపిరి తీసుకో,” అంటూ పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడారు. అంబులెన్సు వచ్చింది. విఠల్‌ని ఎక్కించారు. తలుపులు మూసుకోగానే బావగారు నా దగ్గరకొచ్చి, చేతులకి రక్తం ఆరకముందే, చెవిలో అడిగారు.

“ఆ డబ్బా ఎక్కడ?”

డబ్బా అప్పటికే ఆ కాల్పుల రేంజి చూసుకునే గ్లెన్ చేతిలో ఉంది. పొడుగ్గా, ఎండిపోయిన కట్టెలా ఉండే ముసలాయన. మూత మీద మిఠాయి బొమ్మ చూసి, మిగిలిన తూటాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి, డబ్బాని టేపుతో చుట్టేశాడు.

ఇంటికి వచ్చే దారిలో కారు నేను నడిపాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

“అవి ఎప్పుడు నింపారు బావగారూ?”

“జూన్‌లో.”

“పందేనికి ముందా?”

ఆయన కిటికీలోంచి బయటకి చూశారు. పచ్చలైటు వచ్చింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

“చూడు లీలా. యాభై తూటాలు. ఒక్కొక్కటీ విప్పి, మందు పారబోసి, మళ్లీ... రోజంతా పని. నేనైతే కాల్చను, మందు ఎక్కువై కొంచెం హాట్‌గా ఉంటాయని తెలుసు కాబట్టి. అతను కొత్తవాడు, అతనికి తేడా ఏం తెలుస్తుంది? ఇంకో పదిసార్లు కాల్చినా ఏమీ కాకపోవచ్చు. వేస్ట్ చేయడం ఎందుకని...”

అతనికి తేడా ఏం తెలుస్తుంది. పిల్లలు తింటార్లే.

కారు పక్కకి ఆపి, తలుపు తీసి, గడ్డిలో ఉమ్మాను. మళ్లీ స్టీరింగ్ పట్టుకునేటప్పటికి ఆయన పేరు చివర ‘గారు’ ఎక్కడో ఆ రోడ్డు మీదే రాలిపోయింది. ఆ తర్వాత బయటికి ఎలా పిలిచినా, నా లోపల అతను ‘అతనే’.

*

ఆదివారం పొద్దున్నే అతను స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, అక్క చేత పులిహోర చేయించాడు. ఒక సంచిలో పులిహోర, ఇంకో సంచిలో ముప్పైతొమ్మిది డాలర్ల కాటా. షష్టిపూర్తిలో మిగిలిన సంచులే.

“ఆ కాటా ఎక్కడికి?” అన్నాను.

“విఠల్ వాళ్లింటికి. అతనిదే కదా.”

“అతనిదా?”

“అతనిదే.” నా కళ్లలోకి చూస్తూ అన్నాడు. ఆపరేషన్‌కి ముందు రోగికి ఏం కాదని చెప్పే గొంతు అది. “మా ఇంట్లో మర్చిపోయాడు. చీప్ కాటా కొనుక్కుని, సొంతంగా నింపుకుని, చేజేతులా తెచ్చుకున్నాడు. నేను ఎన్నిసార్లు చెప్పానో! నువ్వు ఈ ఇంట్లో ఉంటున్నావు లీలా. మీ అక్క మొహం చూడు. అరవై ఏళ్ల పరువు నాది.”

అక్క పొయ్యి దగ్గర నిలబడి మూకుడు గీకుతోంది. వెనక్కి తిరగలేదు.

బుధవారం హాస్పిటల్‌లో ఉండగా భానుశ్రీ ఫోన్ చేసింది. మాట సరిగ్గా రావడం లేదు.

“అక్కా, పోలీసోళ్లొచ్చి ఆ కాటా తీస్కపోయిన్రు. అది మాది గాదక్కా! అంకుల్ సంచిల పెట్టి ఇచ్చిండు, నేను అన్నమనుకున్న. మా ఆయన డాక్టర్‌సాబే ఇచ్చిండు అంటే ఎవ్వరు నమ్ముతలేరు. సార్ పెద్దమనిషి, థర్టీ ఇయర్స్ నుంచి ఉన్నడు, ఆయన జెప్పిందే రాసుకున్నరు. కేసైతే పీఆర్ ఇయ్యరంట. కన్ను పాయె, ఇగ దేశం గూడ పోతది. శనివారం క్లబ్ల మీటింగ్ ఉందంట. తూటాలిచ్చినప్పుడు నువ్వు ఆడ ఉన్నవ్ కదక్కా?”

“ఉన్నాను,” అన్నాను.

ఆ మధ్యాహ్నమే గ్లెన్‌కి ఫోన్ చేసి నాణెం సంగతి చెప్పాను. అతను ఓపికగా విన్నాడు. మిగిలిన ముప్పై తూటాలూ విప్పి తూచాడట. ప్రతిదాంట్లోనూ మందు ఉండాల్సిన దానికంటే వందకి ఏడు పాళ్లు ఎక్కువ. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా కాదు, ముప్పైకి ముప్పై అంతే. చేయి తప్పితే అలా రాదు, కాటాకి తప్పు నేర్పిస్తేనే అలా వస్తుంది అన్నాడు.

“నీ నాణెం ఇరవై ఒకటిన్నరకి దగ్గరగా ఉంటే లెక్క సరిపోతుంది. శనివారం తీసుకురా. అది లేకపోతే నీ మాట, ఆయన మాట. అంతే.”

నాణెం దేవుడి గదిలో వెండి పళ్లెంలో, ఎప్పటిలాగే పెచ్చు కట్టిన కుంకుమతో కూర్చుని ఉంది. గురువారం పొద్దున కూడా చూశాను. శుక్రవారం సాయంత్రం తీసుకుంటే చాలనుకున్నాను. ఐదు రోజులుగా మందు కంపు వదలని ముక్కుతో తిరుగుతున్నాను, ఇంకొక్క రోజే కదా అనుకున్నాను.

శుక్రవారం డ్యూటీ నుంచి తొందరగా వచ్చి దేవుడి గదిలోకి వెళ్లాను. పళ్లెంలో లక్ష్మి తళతళా మెరుస్తోంది. కళ్లు, ముక్కు, చేతిలో తామరపువ్వు ముప్పైనాలుగేళ్ల తర్వాత బయటపడ్డాయి. అంచున మాటు లేదు. వేలు పెట్టి చూస్తే నున్నగా తగిలింది.

మా అక్క గురువారం సాయంత్రం దీపాలు తోముతుంది. శుక్రవారం ఇంట్లో వెండి ముట్టదు, బూజు దులపదు, గుమ్మం బయటికి చిల్లర కూడా ఇవ్వదు. శుక్రవారం లక్ష్మిని కడిగే మనిషి ఆ ఇంట్లో అతనొక్కడే అనుకున్నాను. వంటగదిలోకి వెళ్లాను. అక్క బీరకాయ చెక్కు తీస్తోంది.

“నాణెం ఎవరు కడిగారక్కా?”

“నేనే.”

గోడ మీది క్యాలెండరు చూశాను.

“ఇవాళా?”

“చింతపండు పెట్టి తోమాను. అంచు మీ బావగారు ఆకురాయితో అరగదీశారు.”

“ఎందుకో అడిగావా?”

“ముప్పైనాలుగేళ్లలో ఆయన్ని ఏది అడిగాను కనక?” బీరకాయ తొక్కులు ఒక గిన్నెలో వేస్తోంది. పచ్చడికి. “ఒక్క కన్నే కదా పోయింది, ప్రాణం పోలేదుగా అన్నారు.”

“నువ్వేమన్నావు?”

అక్క ఇంకో బీరకాయ అందుకుంది. ఆమె చేతుల్లోంచి చింతపండు పులుపు వాసన. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చేతులు. వాటికి దూరంగా జరిగాను.

“రేపు పొద్దున వెళ్లిపోతాను,” అన్నాను.

*

శనివారం పొద్దున సూట్‌కేసు కారులో పెట్టుకుంటుంటే గరాజ్‌లోంచి రేడియో వినబడుతోంది. అతను బయటికి రాలేదు. “వెళ్తున్నావా మరదలా? తాళం గుమ్మం దగ్గర పెట్టెయ్,” అని లోపల్నుంచే అరిచాడు. మామూలు గొంతు. మీటింగుకి రమ్మని అతన్నీ పిలిచారు. పదకొండుకి తెల్లచొక్కా వేసుకుని బయల్దేరతాడు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. నాకు బొట్టు పెట్టింది. జాకెట్ ముక్క చేతిలో పెట్టింది. ముదురు ఆకుపచ్చ, ఎక్కడో ఎవరో ఇచ్చింది. మడతల్లో ఏదో గట్టిగా తగిలింది.

“ఏమిటిది?”

“మన అమ్మది. నువ్వే ఉంచుకో. దానితో పాటు రాలిందీ ఉంది. పొట్లం కట్టాను.” గరాజ్ వైపు చూసింది. “లక్ష్మి కదే. చెత్తలో వేయలేను.”

నేనేమీ అనకముందే తలుపు వేసుకుంది.

క్లబ్ షెడ్డు ముందు కారాపి, జాకెట్ ముక్క విప్పాను. నాణెం. దాని పక్కన వేలెడంత కాగితం పొట్లం. విప్పితే బూడిదరంగు వెండి పొడి, అరగదీసినప్పుడు రాలిన మాటు. పొడి ఒలకకుండా కాగితాన్ని ఒళ్లో పరిచి, వెనక్కి తిప్పి చూశాను. సన్నటి, పొడుగాటి చీటీ. ఒకవైపు ఇరవై ఒకటి పాయింట్ నాలుగు రెండు, జూన్ పద్ధెనిమిది, మధ్యాహ్నం పన్నెండూ నలభై. రెండోవైపు ప్రిస్క్రిప్షన్ గిలుకుడు.

ఓడిపోయాను. కాయిన్ ఇరవై కాదు. – ద్వారకానాథ్.

ఆ ఇంట్లో కాగితాలకి కరువు లేదు. వారం వారం వచ్చే సూపర్‌మార్కెట్ కరపత్రాలు కట్టలు కట్టి దాస్తుంది అక్క. చొక్కా ఉతికేటప్పుడు జేబులో దొరికిన ఈ చీటీనే ఎందుకు దాచిందో, దీంట్లోనే పొట్లం ఎందుకు కట్టిందో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

షెడ్డులో గ్లెన్ తన ఖరీదైన కాటా మీద నాణెం పెట్టాడు. ఇరవై పాయింట్ సున్నా ఆరు. వెండి పొడి ఒక గ్రాము పైన చిల్లర. రెండూ కలిపినా చీటీలో ఉన్నదానికంటే కాస్త తక్కువే వచ్చింది.

“మిగతాది?” అన్నాడు.

“కుంకుమ. సింకులోకి పోయింది.”

కుంకుమంటే ఏమిటో చెప్పడానికి కొంతసేపు పట్టింది. అతను రాసుకున్నాడు. సంతకం ఎవరిదని అడిగాడు, చెప్పాను. తెలుగులో ఉన్నది ఇంగ్లీషులో ఏమవుతుందో చెప్పాను. మళ్లీ రాసుకున్నాడు. తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని నన్ను చూశాడు.

“నువ్వు ఫార్మసిస్టువి కదూ?”

“అవును.”

“మీ దగ్గర కాటా తప్పని తేలితే ముందేం చేస్తారు?”

“అప్పటిదాకా దాని మీద తూచినవన్నీ వెనక్కి తెప్పిస్తాం.”

“జూన్ పద్ధెనిమిదిన అడిగావా? అప్పటికే నింపినవి ఏమయ్యాయని?”

బయట మట్టి రోడ్డు మీద కారు ఆగిన చప్పుడు. కిటికీ అద్దంలోంచి తెల్లచొక్కా కనబడింది.

“లేదు,” అన్నాను.

గ్లెన్ అది కూడా రాసుకున్నాడు.

*

విఠల్ మీద కేసు పెట్టలేదు. కాటా ఎవరిదో, తూటాలు ఎవరు నింపారో పోలీసులకి అర్థమైంది. ద్వారకానాథ్ లైసెన్సు పోయింది, రైఫిళ్లు పోయాయి, మిగతాది కోర్టులో నడుస్తోంది. ఫంక్షన్లలో మొదటి వరసలో అతని కుర్చీ ఇంకా వేస్తున్నారని విన్నాను. అక్క ఫోన్ చేయదు. నేనూ చేయను.

సెప్టెంబరులో వాటిల్ చెట్లు పసుపుపచ్చగా పూసినప్పుడు విఠల్ వాళ్లింటికి వెళ్లాను. అతనికి కుడికన్ను సగం కనిపిస్తోంది. పీఆర్ కాగితాలు కదిలాయట.

“నువ్వు లేకపోతే మేమేమైపోతుంటిమో అక్కా,” అన్నాడు విఠల్. ఆ మాట వింటూ తల దించుకున్నాను. అతను మంచితనం అనుకున్నాడు.

వచ్చేటప్పుడు భానుశ్రీ ఒక డబ్బా చేతిలో పెట్టింది. “సున్నుండలక్కా. పొద్దున్నే చేసిన. ఇంక వెచ్చగనే ఉన్నయ్.”

కారులో కూర్చున్నాక మూత తీశాను. నెయ్యి వాసన కమ్మగా తగిలింది. అయినా ఒక ఉండ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ చూశాను. మూత పెట్టి, డబ్బా తిరగేసి, అడుగున ఏదైనా తేదీ ఉందేమోనని వెతికాను. గుమ్మంలో నిలబడి చేయి ఊపుతున్న భానుశ్రీ అదంతా చూసింది.